యూదుల పండుగలు, యూదు ప్రజలు, మన క్రైస్తవ విశ్వాసం: తరచుగా అడిగే ప్రశ్నలు

బైబిల్ స్టడీలో, యూత్ మీటింగుల్లో, హోలీల్యాండ్ యాత్రకు బయలుదేరేముందు విశ్వాసులు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. కొన్నింటికి రెండు మాటల్లో జవాబు చెప్పొచ్చు. కొన్నింటి దగ్గర కాసేపు ఆగాలి, ముఖ్యంగా చరిత్ర దగ్గర.

మనం క్రైస్తవులం కదా, యూదుల పండుగల సంగతి మనకెందుకు?

యేసు యూదుడు కాబట్టి. ఎనిమిదో రోజున ఆయనకు సున్నతి జరిగింది. పన్నెండేళ్లప్పుడు అమ్మానాన్నలతో కలిసి పస్కాకు యెరూషలేము వెళ్లాడు. నజరేతులో విశ్రాంతి దినాన ఎప్పటిలాగే సమాజమందిరానికి వెళ్లి యెషయా గ్రంథం చదివాడు. మరియ, పేతురు, యోహాను, పౌలు అందరూ యూదులే. పెంతెకొస్తు నాడు అన్ని దేశాల నుంచి అంతమంది యెరూషలేములో ఎందుకున్నారు? పరిశుద్ధాత్మ దిగిరాకముందే అది యూదుల పండుగ. వారముల పండుగ కోసం వచ్చిన యాత్రికులే పేతురు మొదటి ప్రసంగం విన్నారు.

"పాత నిబంధన అయిపోయింది, మనకు కొత్త నిబంధన చాలు" అనే మాట అప్పుడప్పుడూ వింటుంటాం. రెండో శతాబ్దంలోనే మార్కియోను అనే అతను ఇంకో అడుగు ముందుకేసి, పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అన్నాడు. క్రీ.శ. 144 ప్రాంతంలో రోములోని సంఘం అతన్ని వెలివేసింది. కీర్తనలు, యెషయా, నిర్గమకాండము ఈ రోజు మన బైబిల్లో ఉన్నాయంటే ఆనాటి సంఘం అంత గట్టిగా నిలబడింది కాబట్టే.

బైబిల్లో చెప్పిన పండుగలు ఏవి?

లేవీయకాండము 23 తీస్తే అన్నీ ఒకేచోట దొరుకుతాయి. ముందు వారం వారం వచ్చే విశ్రాంతి దినం. తర్వాత వసంతకాలంలో పస్కా, పులియని రొట్టెల పండుగ, ప్రథమ ఫలాల పనను అల్లాడించడం, అక్కణ్నుంచి యాభయ్యో రోజున వారముల పండుగ. ఏడో నెలలో శృంగధ్వని దినం, పదో తారీఖున ప్రాయశ్చిత్తార్థ దినం, పదిహేనో తారీఖు నుంచి పర్ణశాలల పండుగ. పూరీము ఎస్తేరు గ్రంథంలో ఉంది. హనుక్కా అయితే పాత నిబంధనలో లేదు. కానీ యోహాను 10:22లో శీతకాలంలో జరిగిన ఆలయ ప్రతిష్ఠిత పండుగ అదే. సిరియాను ఏలిన గ్రీకు రాజు అంతియొకసు అపవిత్రం చేసిన ఆలయాన్ని, అతని మీద తిరగబడ్డ యూదులైన మక్కబీయులు క్రీ.పూ. 164లో తిరిగి ప్రతిష్ఠించారు, దాని జ్ఞాపకం.

తేదీలు ఏటా ఎందుకు మారతాయి? ఈస్టర్, పస్కా ఒక్కోసారి ఎందుకు దూరంగా వస్తాయి?

యూదుల నెలలు చంద్రుణ్ని బట్టి, సంవత్సరం సూర్యుణ్ని బట్టి నడుస్తాయి. రెండింటికీ పొత్తు కుదర్చడానికి మన పంచాంగంలో అధిక మాసం వచ్చినట్టే వాళ్లకూ అదనపు నెల వస్తుంది. పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు అదారు నెల రెండుసార్లు వస్తుంది. రోజు కూడా సూర్యాస్తమయంతో మొదలవుతుంది, అందుకే ఏ పండుగైనా ముందురోజు సాయంత్రమే ఆరంభం.

ఈస్టర్ లెక్క వేరు. మొదట్లో ఆసియా మైనరు (నేటి టర్కీ) సంఘాలు యూదుల లెక్క ప్రకారం నీసాను నెల 14నే పస్కా ఆచరించేవి, రోము ఆదివారమే అనేది. క్రీ.శ. 155 ప్రాంతంలో స్ముర్న బిషప్ పోలికార్పు రోము వెళ్లి అక్కడి బిషప్ అనికేతుసుతో మాట్లాడినా ఇద్దరూ ఒక మాటకు రాలేదు. అయినా కలిసి ప్రభువు బల్లలో పాలుపొంది, సమాధానంగానే విడిపోయారు. 325లో బిషప్పుల నైసీయ సభ ఈస్టర్‌ను యూదుల లెక్కతో సంబంధం లేకుండా ఆచరించాలని తీర్మానించింది. అందుకే 2024లో ఈస్టర్ మార్చి 31న వస్తే, పస్కా ఏప్రిల్ 22 సాయంత్రం మొదలైంది.

ఈ రోజుల్లో యూదుల ఇళ్లలో పస్కా ఎలా జరుగుతుంది?

పండుగకు చాలా రోజుల ముందే ఇల్లంతా శుభ్రం చేయడం మొదలుపెడతారు. పులిసింది ఏదీ ఇంట్లో ఉండకూడదు. ముందురోజు రాత్రి కొవ్వొత్తి వెలుగులో మూలమూలా వెతుకుతారు. దొరికిన రొట్టె ముక్కల్ని పక్షి ఈకతో చెక్క గరిటెలోకి తోసి, మర్నాడు పొద్దున కాల్చేస్తారు. పిల్లలకు ఇది భలే సరదా, వాళ్లు వెతికి పట్టుకోవాలనే పెద్దవాళ్లు కావాలని కొన్ని ముక్కలు దాచిపెడతారు. పాత పులిపిండిని తీసిపారేయండి అని పౌలు కొరింథీయులకు రాసినప్పుడు ఆయన మనసులో ఉన్నది ఈ పనే. పులియని రొట్టె, అంటే మత్సా, చేసేటప్పుడు పిండిలో నీళ్లు పోసిన దగ్గర్నుంచి కాల్చేదాకా 18 నిమిషాలు దాటకూడదు.

రాత్రి భోజనాన్ని సేదెర్ అంటారు. బల్ల మీద మూడు మత్సాలు, చేదుకూరలు, ఉప్పునీళ్లు, ఆపిల్, గింజలు, ద్రాక్షారసం కలిపి నూరిన ముద్ద (ఐగుప్తులో ఇటుకల మట్టికి గుర్తు), ఒక గుడ్డు, కాల్చిన ఎముక ఉంటాయి. ఆలయం లేదు కాబట్టి గొర్రెపిల్లను బలి ఇవ్వరు. ఆ ఎముకే దానికి గుర్తు. అందరికంటే చిన్నవాడు లేచి "ఈ రాత్రి మిగతా రాత్రులకంటే ఎందుకు వేరు?" అని అడుగుతాడు. దానికి జవాబుగా నిర్గమ కథంతా చెబుతారు. పది తెగుళ్లు ఒక్కొక్కటి చదివేటప్పుడు గిన్నెలోంచి ఒక్కో చుక్క ద్రాక్షారసం తీసేస్తారు. శత్రువులే అయినా ఐగుప్తీయులు చనిపోయారు కాబట్టి మన సంతోషం నిండుగా ఉండకూడదని చాలామంది యూదులు దానికి అర్థం చెబుతారు.

యేసు చివరి భోజనం సేదెరేనా? మన సంఘంలో "క్రైస్తవ సేదెర్" పెట్టుకోవచ్చా?

మత్తయి, మార్కు, లూకా దాన్ని పస్కా భోజనం అనే చెబుతారు. యోహాను ప్రకారం యేసు సిలువ వేయబడింది పస్కాను సిద్ధపరిచే రోజున, గొర్రెపిల్లల్ని వధించే వేళకు. దీనిమీద పండితుల చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. అయితే ఇప్పుడు మనం చూసే సేదెర్ చాలావరకు క్రీ.శ. 70లో ఆలయం కూలిన తర్వాత రబ్బీలు రూపుదిద్దినది. భోజనం చివర శిష్యులు పాడిన కీర్తన మాత్రం పస్కాకు పాడే 113-118 కీర్తనల్లోనిదే అయ్యుంటుంది. ఆ రాత్రి అవి తెరిచి చదువుకోండి. "ఇల్లు కట్టువారు నిషేధించిన రాయి" అందులోనే ఉంది.

ఇక మనం చేసుకోవచ్చా అంటే, యూదులు పిలిస్తే వెళ్లండి, అతిథిగా కూర్చుని నేర్చుకోండి. మనమే పెట్టుకుని, మూడు మత్సాలంటే త్రిత్వం, మధ్యది విరవడమంటే సిలువ, ఇది యూదులకు తెలియదు మనకే తెలుసు అని బోధించడం నాకు సరిగా అనిపించదు. అది వాళ్లు నిర్బంధంలోనూ చెరలోనూ కాపాడుకున్న భోజనం. "క్రీస్తు అను మన పస్కా" అని ప్రకటించడానికి ప్రభువు మనకు వేరే బల్ల ఇచ్చాడు. ఆ బల్లను ఆచరించే ముందు నిర్గమకాండము 12 చదివి, పస్కా గురించి పిల్లలకు వివరంగా చెప్పండి, చాలు.

పర్ణశాలల పండుగ, మన గుడారాల పండుగ ఒకటేనా?

పేరు అక్కడిదే, జరిగే తీరు వేరు. హోసన్నా మినిస్ట్రీస్ గుంటూరు ప్రాంతంలో ఏటా జరిపే గుడారాల పండుగ క్రైస్తవ ఆరాధన సభ. బక్త్‌సింగ్ గారు 1941లో మద్రాసులో మొదలుపెట్టిన పరిశుద్ధ సమాజ కూటములకు కూడా ప్రేరణ లేవీయకాండము 23వ అధ్యాయమే. తర్వాత హైదరాబాదులో ఆయన సంఘ కేంద్రమైన హెబ్రోనులో పందిళ్లు వేసి వేలమంది కలిసి ఉండి, కలిసి తిని, వాక్యం విన్నారు. మన పల్లె సంఘాల్లో కోత పండుగకు కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి ఇవ్వడం వెనక కూడా ఈ అధ్యాయం ఉంది.

యూదుల పండుగ మాత్రం ఏడో నెలలో, కోతలన్నీ అయిపోయాక వస్తుంది. పైకప్పులోంచి చుక్కలు కనబడేలా కొమ్మలతో పందిరి వేసుకుని ఏడు రోజులు అందులో భోంచేస్తారు. ఆలయం ఉన్న రోజుల్లో ఎలా జరిగేదో మిష్నా (పాతకాలపు రబ్బీల బోధల సంకలనం) వివరంగా చెబుతుంది. యాజకుడు సిలోయము కోనేటికి వెళ్లి బంగారు పాత్రతో నీళ్లు ముంచి తెచ్చి బలిపీఠం మీద పోసేవాడు. రాత్రయితే స్త్రీల ఆవరణలో పెద్ద దీపస్తంభాలు వెలిగేవి. యాజకుల ఇళ్లలోని కుర్రాళ్లు నూనె కుండలు పట్టుకుని నిచ్చెనలెక్కేవాళ్లు. యాజకుల పాత లాగులు, నడికట్లు చింపి ఒత్తులు చేసేవాళ్లు. ఆ వెలుగు పడని పెరడు యెరూషలేములో ఉండేది కాదట.

ఇప్పుడు యోహాను 7, 8 అధ్యాయాలు తెరవండి. ఆ పండుగ చివరి మహాదినాన యేసు నిలబడి, దప్పిక గలవాడు నా దగ్గరికి వచ్చి తాగాలి అని బిగ్గరగా చెబుతాడు. తర్వాత, నేను లోకానికి వెలుగును అంటాడు. నీళ్ల సంబరం, దీపాల సంబరం కళ్లారా చూస్తున్న జనంతో ఆ మాటలన్నాడు. ఆ సిలోయము కోనేటి మెట్లు 2004లో డ్రైనేజీ పైపు పనుల్లో బయటపడ్డాయి. యెరూషలేము వెళ్తే తప్పకుండా చూడండి.

ఆలయం లేదు, బలి లేదు. మరి ప్రాయశ్చిత్తార్థ దినం ఎలా ఆచరిస్తారు?

పూర్తి ఉపవాసం, నీళ్లు కూడా ముట్టరు. చాలామంది తెల్లబట్టలు వేసుకుంటారు, తోలు చెప్పులు వేసుకోరు. మధ్యాహ్నం యోనా గ్రంథం చదువుతారు. ఆలయం కూలినప్పుడు ఏడుస్తున్న శిష్యుడితో రబ్బీ యోహానాను బెన్ జక్కయి, మనకు అంతే సమానమైన ప్రాయశ్చిత్తం ఒకటుంది, దయగల పనులు, అన్నాడని యూదుల పరంపర చెబుతుంది. ఆధారంగా చూపింది హోషేయ 6:6. అదే వచనాన్ని యేసు మత్తయి సువార్తలో రెండుసార్లు ఎత్తి చెప్పాడు.

తోటిమనిషికి చేసిన తప్పును అతన్ని సమాధానపరచుకునేదాకా ఈ దినం కూడా తుడిచిపెట్టదని మిష్నా అంటుంది. అందుకే పండుగకు ముందు రోజుల్లో ఒకరి దగ్గరికొకరు వెళ్లి క్షమాపణ అడుగుతారు. అర్పణను బలిపీఠం ముందు వదిలి ముందు సహోదరుడితో సమాధానపడు అన్న ప్రభువు మాట వాళ్లకు కొత్తగా అనిపించదు. బలి విషయంలో మాత్రం మన దారి వేరు. హెబ్రీయులకు రాసిన పత్రిక ప్రకారం క్రీస్తు ఒక్కసారే తన రక్తంతో అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లాడు. అందులో రాజీ లేదు.

ఈ పండుగలు క్రైస్తవులు కచ్చితంగా ఆచరించాలా?

అక్కర్లేదు. అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము సభ అన్యజనుల నుంచి వచ్చిన విశ్వాసుల మీద సున్నతి, ధర్మశాస్త్రం మోపలేదు. విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం మానమంది, అంతే. పండుగల విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదని కొలొస్సయుల పత్రిక చెబుతుంది. పండుగలు ఆచరించకపోతే రక్షణ సంపూర్ణం కాదని ఎవరైనా యూట్యూబ్‌లో చెబితే టెన్షన్ పడకండి, గలతీయుల పత్రిక తెరిచి చదవండి.

అలాగని ఆచరించే యూదు విశ్వాసుల్ని తప్పుపట్టడానికీ లేదు. పౌలే పెంతెకొస్తుకు యెరూషలేములో ఉండాలని తొందరపడ్డాడు.

విశ్రాంతి దినం శనివారమా, ఆదివారమా?

విశ్రాంతి దినం శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సాయంత్రం దాకా. అది మారలేదు. ఆదివారం ప్రభువు లేచిన దినం. ఆదివారాన్ని రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ కనిపెట్టాడనే ప్రచారం తప్పు. అతను 321లో దాన్ని సెలవు చేశాడు, అంతే. అంతకు చాలా ముందు, 150 ప్రాంతంలోనే, జస్టిన్ మార్టిర్ అనే క్రైస్తవ రచయిత, క్రైస్తవులు ఆదివారం కూడుకుంటారని రాశాడు. శనివారం ఆరాధించే అడ్వెంటిస్టు సహోదరులతో దీని మీద గొడవపడాల్సిన పని లేదు. రోమా 14 సరిపోతుంది.

యేసును చంపింది యూదులేనా?

ఈ ప్రశ్న వల్ల ఎంతమంది ప్రాణాలు పోయాయో తెలిస్తే మనం దీన్ని తేలిగ్గా అడగం. సిలువ రోమా శిక్ష. తీర్పు ఇచ్చింది పొంతి పిలాతు, మేకులు కొట్టింది రోమా సైనికులు. యెరూషలేములోని కొందరు నాయకులు ఆయన్ను అప్పగించారు, ఒక గుంపు కేకలు వేసింది. అదే ఊళ్లో స్త్రీలు రొమ్ము కొట్టుకుంటూ ఆయన వెనక నడిచారని లూకా రాశాడు. అపొస్తలుల కార్యములు 4:27 హేరోదు, పిలాతు, అన్యజనులు, ఇశ్రాయేలు ప్రజలు అందర్నీ ఒకే వరసలో పెడుతుంది. అప్పటికే యూదుల్లో ఎక్కువమంది అలెగ్జాండ్రియాలో, రోములో, బబులోనులో ఉన్నారు, వాళ్లకు ఆ శుక్రవారం సంగతే తెలియదు. "వాని రక్తము మా మీద" అన్న మాటను ఒక జాతి మీద శాశ్వత శాపంగా చదవడం వాక్యానికి అన్యాయం. ఆ రక్తం క్షమించడానికి చిందిందని మనమే కదా ప్రకటిస్తున్నాం.

గుడ్ ఫ్రైడే ఏడు మాటల ప్రసంగం చేసే సేవకులకు ఒక మనవి. "యూదులు ఇలా చేశారు, యూదులు అలా అరిచారు" అని వరసగా చెప్పకండి. "ఆ గుంపు", "ప్రధాన యాజకులు" అనండి. పరిసయ్యుల విషయంలోనూ అంతే. నీకొదేము పరిసయ్యుడు. అపొస్తలుల్ని వదిలేయమన్న గమలీయేలు పరిసయ్యుడు. హేరోదు నిన్ను చంపాలనుకుంటున్నాడు, వెళ్లిపో అని యేసును హెచ్చరించింది పరిసయ్యులేనని లూకా 13లో ఉంది. నేటి యూదు రబ్బీల పరంపర పరిసయ్యుల నుంచే వచ్చింది.

చరిత్రలో క్రైస్తవులు యూదుల్ని నిజంగా అంతగా హింసించారా?

అవును. ఇది దాచకూడని విషయం.

386-387లో అంతియొకయలో యోహాను క్రిసోస్తొము అనే పేరుమోసిన ప్రసంగీకుడు యూదులకు వ్యతిరేకంగా ఘోరమైన ప్రసంగాలు చేశాడు. కారణం ఏమిటంటే తన సంఘస్థులే యూదుల పండుగలకు వెళ్తున్నారు. 1096లో మొదటి క్రూసేడుకు (యెరూషలేమును ముస్లిముల నుంచి గెలుచుకునే యుద్ధానికి) బయలుదేరిన గుంపులు రైను నది ఒడ్డున వర్మ్స్, మైంజ్ పట్టణాల్లో యూదుల్ని ఊచకోత కోశాయి. 1144లో ఇంగ్లండులోని నార్విచ్‌లో ఒక కుర్రాడు చనిపోతే, యూదులే చంపారన్న పుకారు పుట్టింది. ఆ అబద్ధం యూరపంతా పాకి, వందల ఏళ్లపాటు పస్కా, ఈస్టర్ రోజులొస్తే యూదులు బిక్కుబిక్కుమంటూ బతికేలా చేసింది. 1215లో రోములో జరిగిన కాథలిక్ సంఘ లాతరన్ సభ, వాళ్లు వేరే గుర్తున్న బట్టలు వేసుకోవాలంది. 1290లో ఇంగ్లండు, 1492లో స్పెయిన్ వాళ్లను వెళ్లగొట్టాయి.

మార్టిన్ లూథర్ సంగతి మన తెలుగు క్రైస్తవులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి, ఎందుకంటే 1842లో మిషనరీ హేయర్ గుంటూరుకు వచ్చిన నాటి నుంచి లూథరన్ సంఘం మన నేలలో వేళ్లూనుకుంది. 1543లో లూథర్ యూదుల మీద రాసిన పుస్తకంలో వాళ్ల సమాజమందిరాలు తగలబెట్టమన్నాడు, ఇళ్లు కూల్చమన్నాడు, ప్రార్థన పుస్తకాలు లాక్కోమన్నాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత నాజీలు ఆ రాతల్ని సంతోషంగా వాడుకున్నారు. 60 లక్షల మంది యూదులు చనిపోయారు. హంతకుల్లో ఎక్కువమంది బాప్తిస్మం పొందినవాళ్లే.

నిలబడ్డవాళ్లూ ఉన్నారు. హాలండులోని హార్లెమ్‌లో గడియారాలు బాగుచేసే టెన్ బూమ్ కుటుంబం యూదుల్ని ఇంట్లో దాచింది. 1944 ఫిబ్రవరిలో పోలీసులు పట్టుకున్నారు. ముసలి తండ్రి పది రోజులకే నిర్బంధంలో చనిపోయాడు, కూతురు బెట్సీ రావెన్స్‌బ్రూక్ నాజీ క్యాంపులో చనిపోయింది, ఇంకో కూతురు కొర్రీ బతికి బయటపడింది. ఫ్రాన్సులోని లె షాంబోన్‌లో పాస్టర్ ఆంద్రె ట్రోక్మె మాట విని ఊరు ఊరే యూదులకు తలుపులు తెరిచింది.

సంఘాలు దీన్ని ఒప్పుకున్నాయా?

1947లో స్విట్జర్లాండులోని సీలిస్‌బర్గ్‌లో యూదులు, క్రైస్తవులు కూర్చుని, సంఘాల్లో బోధ ఎలా మారాలో పది అంశాలు రాశారు. 1965 అక్టోబర్ 28న రెండో వాటికన్ సభ, క్రీస్తు శ్రమల నేరాన్ని అప్పటి యూదులందరి మీదా గానీ ఇప్పటి యూదుల మీద గానీ మోపకూడదని ప్రకటించింది. 1986లో పోపు రెండో జాన్ పాల్ రోములోని సమాజమందిరానికి వెళ్లాడు. అమెరికా ఎవాంజెలికల్ లూథరన్ చర్చి 1994లో లూథర్ రాతల్ని తిరస్కరిస్తూ యూదులకు బహిరంగంగా దుఃఖం తెలిపింది. మన ప్రసంగ వేదికల మీదికి, సండేస్కూలు పాఠాల్లోకి ఇది ఇంకా పూర్తిగా రాలేదు.

సంఘమే కొత్త ఇశ్రాయేలా? దేవుడు యూదుల్ని వదిలేశాడా?

పౌలు ఈ ప్రశ్న తనే వేసుకుని, అట్లనరాదు అని జవాబిచ్చాడు. రోమా 9 నుంచి 11 దాకా ఒక్క బిగిన చదవండి. అన్యజనులం మనం అడవి ఒలీవ కొమ్మలం, అంటుకట్టబడ్డవాళ్లం. వేరును మనం మోయడం లేదు, వేరే మనల్ని మోస్తోంది. దేవుని వరాలు, పిలుపు వెనక్కి తీసుకునేవి కావు అని 11:29. అక్కణ్నుంచి ముందుకు క్రైస్తవులు ఒక్క మాట మీద లేరు. 19వ శతాబ్దంలో డార్బీ బోధతో వచ్చిన డిస్పెన్సేషనల్ పద్ధతి ఇశ్రాయేలుకు, సంఘానికి వేర్వేరు ప్రణాళికలు చూస్తుంది. సంస్కరణ సంఘాలు క్రీస్తులో ఒక్క ప్రజనే చూస్తాయి. మీరు ఏది నమ్మినా, అతిశయపడొద్దన్న పౌలు ఆజ్ఞ ఇద్దరికీ ఉంది.

1948లో ఏర్పడ్డ ఇశ్రాయేలు దేశం బైబిల్ ప్రవచన నెరవేర్పేనా?

చాలామంది విశ్వాసులు అవునంటారు, చాలామంది కాదంటారు. నా మాట ఏమిటంటే, యూదుల్ని ప్రేమించడం ఒకటి, ఒక ప్రభుత్వం చేసే ప్రతి పనినీ సమర్థించడం ఇంకొకటి. ఇశ్రాయేలు ప్రవక్తలే తమ రాజుల్ని నిలదీశారు. ఆ ప్రభుత్వం మీద కోపాన్ని ఎక్కడో ఉన్న యూదు కుటుంబం మీద చూపడం పాపం. బేత్లెహేములో, నజరేతులో, గాజాలో తరతరాలుగా ఆరాధిస్తున్న పాలస్తీనా క్రైస్తవులున్నారు. మందిరంలో ఇశ్రాయేలు జెండా కట్టే సంఘాలు వాళ్ల కోసం కూడా పేరుపెట్టి ప్రార్థించాలి.

మన దేశంలో యూదులున్నారా? తెలుగువాళ్లలో?

ఉన్నారు. కొంకణ తీరంలో నూనె గానుగలు ఆడించిన బెనె ఇశ్రాయేలు యూదులు శనివారం పని మానేవాళ్లు. అందుకే చుట్టుపక్కలవాళ్లు వాళ్లను శనివార్ తేలీలు అనేవాళ్లు. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సమాజమందిరం ఇప్పటికీ ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న తెలుగు సమాజం ఉంది. ఒకప్పుడు క్రైస్తవ సంఘాల్లో ఉన్న ఈ మాదిగ కుటుంబాలు 1980ల నుంచి యూదు ఆచారాలు పాటిస్తున్నాయి. తమది ఎఫ్రాయిము గోత్రమని వాళ్ల నమ్మకం. వాళ్లను వింతగా చూడటానికి కెమెరాలతో వెళ్లొద్దు.

యూదులకు సువార్త చెప్పొచ్చా?

సువార్త మొదట యూదునికి అని రోమా 1:16 చెబుతోంది, నేను దాన్ని దాటిపోలేను. యూదులను లక్ష్యంగా పెట్టుకున్న సంస్థాగత మిషన్‌ను తాము నడపడం లేదని, సమర్థించడం లేదని కాథలిక్ సంఘం 2015లో చెప్పింది. ఎవాంజెలికల్ సంఘాలు ఎక్కువగా ఒప్పుకోవు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. బలవంతపు బాప్తిస్మాల చరిత్ర వాళ్ల ఇళ్లలో ఇంకా పచ్చిగా ఉంది. మోసంతో, డబ్బుతో, మారువేషంతో చేసేది సాక్ష్యం కాదు. అడిగితే మీ నిరీక్షణ గురించి చెప్పండి, అంతకు రెట్టింపు వినండి.

హోలీల్యాండ్ వెళ్తున్నాం. యూదుల స్థలాల్లో ఎలా ఉండాలి?

పశ్చిమ గోడ దగ్గర మగవాళ్లు తల కప్పుకోవాలి, టోపీ లేకపోతే అక్కడే ఇస్తారు. ఆడవాళ్లకు వేరే భాగం ఉంటుంది, భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. "యెహోవా" అని పిలిచే అలవాటు మనది. భక్తిగల యూదులు ఆ నామాన్ని పలకరు, కాబట్టి వాళ్లతో మాట్లాడేటప్పుడు "దేవుడు", "ప్రభువు" అనండి. షోఫారు (పొట్టేలు కొమ్ము బూర) కొనుక్కోవచ్చు, కానీ ప్రార్థనలో ఉన్నవాళ్ల మధ్య ఊదొద్దు. ప్రార్థన శాలువా కప్పుకుని సెల్ఫీలు దిగొద్దు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడేదాకా గోడ దగ్గర ఫొటోలు తీయకూడదు, ఫోను బయటికి తీయకండి. ఆ సాయంత్రం వీలైతే ఒక పక్కన నిలబడి వాళ్ల పాటలు వినండి.